వాగవతలి రాయి

సంగప్ప ఉలి మొనను సానరాయి మీద రుద్దుతున్నాడు. నాలుగు చుక్కల నీళ్ళు, ఒక రుద్దుడు, బొటనవేలితో మొన తడిమి చూసుడు. మళ్ళీ నీళ్ళు. నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే రోడ్డు పక్కన, పంక్చర్ల దుకాణాన్ని ఆనుకుని వేసిన రేకుల పాక ఆయనది. ముందర కొన్ని రోళ్ళు, ఒక ఇసుర్రాయి. ఎండకు ఎండి వానకు తడిసి అక్కడే పడి ఉన్నాయి. ఇంటింటికీ మిక్సీ వచ్చాక వాటిని అడిగినవాడు లేడు.

మనిషి పొట్టి. కనుబొమల మీద రాతి దుమ్ము. ఎంత కడిగినా పోదు. కుడిచేతి వేళ్ళు సుత్తె కామ పట్టుకున్నట్టే వంగి ఉంటాయి, అన్నం ముద్ద పట్టుకున్నా అట్లాగే. రాతి పెళ్ళ ఎగిరి తగిలిన మచ్చ ఎడమ కన్ను కింద. దగ్గు మొదలైతే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అది పోయేదాకా కాచుకుంటాడు. ఛాతీ నిండా రాయే ఉందని దవాఖానలో చెప్పారు. పని బంద్ చెయ్యమన్నారు. విని వచ్చాడు.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ పనికి శంకుస్థాపన జరిగినా రాయి చెక్కింది సంగప్పే. చదివింది మూడో తరగతి. కాగితం మీద రాసిస్తే అక్షరాన్ని బొమ్మలాగా చూసి రాయి మీదికి ఎక్కించేవాడు. బడికి చెక్కాడు, నీళ్ళ ట్యాంకుకు చెక్కాడు, గోదాముకు చెక్కాడు. చాలా రాళ్ళ వెనక ఏమీ లేవలేదు. రాయి ఒక్కటే నిలబడి ఉంది, దాని నీడన మేకలు పడుకుంటాయి.

నగేష్ మోటార్ సైకిల్ ఆపాడు, దిగలేదు. దిగంబర్‌రావు సారు పనులన్నీ గుత్తకు చేసేది ఇతనే.

"ఓ సంగప్పా, ఇంకా గీడనే కూసున్నవా? సారు పొద్దుగాలనే వస్తుండు."

"ఉలికి మొన లేదు."

"ఉలితోని ఏం పని నీకు? రాయి హైదరాబాద్‌ల మిషన్ మీద తయారై వచ్చింది. సారు ఫోటో గూడ ఎక్కింది దాని మీద. నువ్వు సిమెంటు పెట్టి నిలబెట్టు, గంతే."

సంగప్ప మొన మీద ఇంకో చుక్క నీళ్ళు వేశాడు.

"ఇంకోటి. వాగవతల పాత రాయి ఉన్నది గదా, నువ్వు చెక్కిందే. అది పీకి పలగ్గొట్టి వాగుల పారెయ్యి. ఫోటోలల్ల పడితే పరేషాన్. గదే కల్వర్టుకు రెండుసార్ల కొబ్బరికాయ కొట్టిండంటరు."

"పలగ్గొట్టుడెందుకు సేటూ. నాకియ్యి."

"నీకెందుకు?"

"బట్టలుతుకుడుకు."

నగేష్ పెద్దగా నవ్వాడు. "ఉతకనీకి పెండ్లాం ఉండాలె గద ముసలోడా!"

పంక్చర్ల దుకాణం ముందర కూర్చున్నవాళ్ళు కూడా నవ్వబోయి ఆగారు. సంగప్ప ఉలిని నీళ్ళలో ముంచి తీసి, పంచె కొంగుతో తుడిచాడు.

"సరే తీస్కపో" అన్నాడు నగేష్, గొంతు కొంచెం దించి. "కానీ అక్షరాలు అరగదియ్యి మల్ల. సారు పేరు మీద బట్టలు ఉతికితే బాగుండది."

"ఏది తియ్యాల్నో నాకెరుకే."

ఆ రాయి ఆయనకు కావాలి. పెండ్లాం భీమమ్మ పోయిన నాటి నుంచీ కావాలి. దొంగతనంగా పీక్కుపోవచ్చు. కానీ వాళ్ళ చేతనే ఇప్పించుకోవాలని ఓపిక పట్టాడు. ఈ రోజు ఇచ్చారు.

లతీఫ్ ట్రాలీ ఆటోలో కొత్త రాయి, సిమెంటు సంచులు, గడ్డపార ఎక్కించారు. లతీఫ్‌ది పాత స్నేహం. నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది, అంగీ జేబులో సున్నం డబ్బీ. ఆటో కదిలింది. కంది కోసిన చేన్లు మోళ్ళతో నిలబడి ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వెనక నల్లరాయి మీద దిగంబర్‌రావు దండం పెడుతూ నవ్వుతున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడుతున్నాడు.

"చూస్తివా భాయ్, నీ సారును నేను ఎట్ల ఎగరేస్తున్ననో" అన్నాడు లతీఫ్.

"ఇంకో గుంతల ఎయ్యి" అన్నాడు సంగప్ప.

వాగులో చుక్క నీరు లేదు. ఇసుకలోంచి ఆటో అవతలికి ఎక్కింది. అవతలే సంగప్ప ఊరు. ఒడ్డున ఇటుక దిమ్మె, దాంట్లో పాత రాయి. షాబాద్ బండ. నల్లరాయి అని బిల్లు చేసుకుని షాబాద్ బండ తెచ్చిచ్చారు అప్పుడు. మెత్తటి రాయి. ఉలి బాగా దిగింది.

కల్వర్టు నిర్మాణమునకు
శ్రీ దిగంబర్‌రావు గారి
కరకమలములచే
శంకుస్థాపన చేయబడినది

కరకమలములు అంటే ఏంటని అప్పుడు ఒక పంతులును అడిగాడు. తామరపూల వంటి చేతులని చెప్పాడాయన. సంగప్ప ఆ రోజు దిగంబర్‌రావు చేతులను చూశాడు. వేలికో ఉంగరం.

కల్వర్టు రాలేదు. ఆ తరవాత ఒక వానాకాలం, పగటి పూట, గడ్డి కోస్తుంటే గట్టు మీద భీమమ్మను పాము కరిచింది. సంగప్ప భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చాడు. వాగు ఎర్రగా, నిండుగా పోతోంది. నూట ఎనిమిది బండి వచ్చి రోడ్డు దిక్కు ఒడ్డున ఆగింది. దాని దీపం గిర్రున తిరగడం కనిపిస్తోంది. అందులోని పిల్లగాడు నీళ్ళలోకి దిగి, నడుం దాకా మునిగి, వెనక్కి పోయి, మళ్ళీ దిగాడు. అతనిదేం తప్పు లేదు. కూర్చోబెట్టడానికి పొడి జాగా లేక సంగప్ప ఆమెను ఈ దిమ్మెకే ఆనించాడు. ఆమె తల సరిగ్గా 'కరకమలములచే' మీద ఆనింది. "నీళ్ళు తగ్గుతున్నయా?" అని అడిగింది భీమమ్మ. తగ్గుతున్నాయని చెప్పాడు. తగ్గలేదు.

ఇప్పుడు గడ్డపార దిమ్మె సందులో పెట్టి, అంచు పగలకుండా, చిగుళ్ళలోంచి పన్ను తీసినట్టు కొంచెం కొంచెంగా కదిలించాడు. రాయి ఊడి వచ్చింది. ఇద్దరూ మోసి ఆటోలో బోర్లా పెట్టి, ఖాళీ సంచులు కప్పారు.

సారు కారు ఇసుకలో దిగవద్దని ఈసారి కొత్త దిమ్మె రోడ్డు దిక్కు, ఇవతలి ఒడ్డునే కట్టారు. ఆటో వెనక్కి వాగు దాటాక సంగప్ప నల్లరాయి నిలబెట్టి, సిమెంటు నింపి, తడిగుడ్డతో తుడిచాడు. దాని మీద తెర కట్టారు. కార్లు వచ్చాయి. ముందు కారుకు నిమ్మకాయలు, గుమ్మడికాయంత దిష్టిబొమ్మ. దిగంబర్‌రావు ముహూర్తం చూడకుండా గడప దాటడని ఊరందరికీ ఎరుకే. దిగాక కూడా వాచీ చూసుకుని ఆగాడు. అప్పుడు మండలానికి పెద్ద, ఇప్పుడు ఇంకా పెద్ద. వేళ్ళకు ఉంగరాలు పెరిగాయి.

తెర తీశాడు. చప్పట్లు. రాయికి కుంకుమ పెట్టడానికి వంగాడు.

దిమ్మె పక్కన గొంతుక్కూర్చున్న సంగప్పకు ఆ తల మూరెడు దూరంలో ఉంది. రంగు వేసిన వెంట్రుకల మధ్య తెల్లటి మాడు. మెడ మీద మడతలు, మడతల్లో బంగారు గొలుసు. సుత్తె చేతిలోనే ఉంది. ఆ వేళ్ళు ఎట్లాగూ విప్పుకోవు. ఒక్క దెబ్బ చాలు, షాబాద్ బండ కన్నా మెత్తగా ఉంటుంది. సంగప్ప చూస్తూ ఉన్నాడు. తల పగిలితే సారు అమరుడవుతాడు. సెంటరులో విగ్రహం పెడతారు. పూలదండ వేస్తారు. ఆ దండ సారుకు వేయించడానికి సంగప్పకు మనసు రాలేదు. సుత్తెను నేల మీద పెట్టాడు.

"ఏం పెద్దమనిషీ, మంచిగ నిలబెట్టినవా?" అన్నాడు దిగంబర్‌రావు, ఫోన్ల వైపు నవ్వుతూ. "ఎన్నేండ్లుంటది ఈ రాయి?"

"నీ కంటే ఎక్కువుంటది సారూ."

చుట్టూ ఉన్నవాళ్ళు సారు మొహం చూశారు. దిగంబర్‌రావే ముందు నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. నగేష్ మాత్రం పళ్ళు కొరికాడు. కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. కప్పిన సంచుల కింద పాత రాయి, ఇంతసేపూ వాళ్ళ కార్ల నడుమనే, లతీఫ్ ఆటోలో బోర్లా పడుకుని ఉంది.

"ఇగ ఇంటికేనా?" అన్నాడు లతీఫ్.

"అవతలికి. బొందలగడ్డకు."

సంగప్ప వాళ్ళలో కాల్చరు, పూడుస్తారు. బొందలగడ్డ అవతలి ఒడ్డునే, ఊళ్ళోకి పోయే బాట పక్కన ఉంది. భీమమ్మ ఉన్నచోట మట్టిగడ్డ, దాని తల దిక్కున ఒక గుండ్రాయి తప్ప ఏమీ లేదు. ఊరందరికీ సమాధి రాళ్ళు చెక్కిన మనిషి పెండ్లానికి రాయి పెట్టలేదని ఆడవాళ్ళు చాటుగా అనుకునేవారు. ఆయన వినేవాడు.

తల దిక్కున గుంత తీసి, రాయిని నిలబెట్టి, మట్టి దట్టించాడు. అప్పుడు ఉలి తీశాడు. పొద్దున్నించి రుద్దిన మొన. పై వరుస మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. 'కల్వర్టు నిర్మాణమునకు' అన్నది పొడిపొడిగా రాలిపోయింది. చెక్కినంత సేపు పట్టలేదు. చోటును నున్నగా అరగదీసి, ఇన్నేళ్ళు చెక్కిన అక్షరాల్లోంచి ఏరుకుని బొగ్గుతో గీసుకున్నాడు. మళ్ళీ ఉలి పెట్టాడు. దగ్గు వచ్చినప్పుడు ఆగాడు. ఉమ్మితే ఎర్రగా పడింది. కాలితో మట్టి కప్పాడు.

లతీఫ్ ఆటోలో కూర్చుని పాన్ నమిలాడు. ఎండ దిగుతుండగా వచ్చి చదివాడు. పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ ఒకసారి. నమలడం ఆపేశాడు.

భీమమ్మ సమాధికి
శ్రీ దిగంబర్‌రావు గారి
కరకమలములచే
శంకుస్థాపన చేయబడినది

"యా అల్లా. సంగప్ప భాయ్, జిందా మనిషి పేరు సమాధి మీదనా? ఆయుష్షు తగ్గుతదంటరు గద మీరు."

"అంటరు."

"గాయన గివన్ని నమ్ముతడు."

"నమ్ముతడు."

"పొద్దుగాల్నే వచ్చి పీకిస్తడు. నిన్ను నన్ను గూడ పీకిస్తడు."

"పాలు పోస్తే ఎవ్వడు పీకడు."

అది నిజం. ఆ వాగు పక్క ఊళ్ళలో పట్టింపు ఉంది. పూడ్చినచోట రాయి నిలబెట్టి పాలు పోస్తే, ఇక ఆ రాయి పోయినవాళ్ళది. దాన్ని పీకినవాని ఇంట్లో పాడె లేస్తుందని భయం. దున్నే ట్రాక్టర్లు కూడా చుట్టు తిరిగి పోతాయి.

"ఊర్లకు పోయి చెంబెడు పాలు తే లతీఫూ. నాకు ఇంకింత పనున్నది. నీ సున్నం డబ్బీ ఇచ్చిపో."

లతీఫ్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేనేం చూడలే. నేను ఇసుక తోలనీకొచ్చిన" అన్నాడు. డబ్బీ మాత్రం రాయి మీద పెట్టి పోయాడు.

రాయి చెక్కినాక అక్షరాల్లో తెల్లరంగు నింపితేనే పని అయినట్టు. సంగప్ప బొటనవేలితో సున్నం తీసి, ఒక్కో అక్షరం పొడుగునా రుద్దాడు. ముందు భీమమ్మ. ఆ పేరు ఇంతవరకు ఏ రాయి మీదా రాయలేదు, ఏ కాగితం మీద రాసినట్టూ గుర్తు లేదు. తరవాత దిగంబర్‌రావు. ఆ పేరులో సున్నం ఎక్కువే నింపాడు, అంచులు పొంగేటట్టు. తరవాత కరకమలములు. ఊపిరి అందడం లేదు. ఛాతీలో రాయి బరువుగా కదిలింది. వాగు దిక్కు నుంచి గాలి చల్లగా వస్తోంది. రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు, ఆమె కూర్చున్నట్టే.

లతీఫ్ పాలు తెచ్చేసరికి పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. "భాయ్" అని పిలిచాడు. సంగప్ప బొటనవేలు తెల్లగా ఉంది. కళ్ళు వాగు దాటి, రోడ్డు దిక్కు ఒడ్డున నల్లరాయి మీద ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు మాత్రం జీవితంలో మొదటిసారి చాపుకుని, ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి.

లతీఫ్ ముందు ఆ కళ్ళు మూశాడు. తరవాత రాయిని చూశాడు. చివరి మాటలో సున్నం లేదు. బాట అటూ ఇటూ చూసుకున్నాడు. ఎవరూ లేరు. ఉన్నా ఆగేవాడో కాదో. మోకాళ్ళ మీద కూర్చుని, తన డబ్బీలోని సున్నం తన వేలితోనే తీసి, 'చేయబడినది' నింపాడు. చెంబు ఎత్తి పాలు పోశాడు. పాలు అక్షరం మీది నుంచి అక్షరం మీదికి జారి భీమమ్మ మట్టిలో ఇంకాయి.

తెల్లారి నగేష్ మనుషుల్ని తీసుకుని వచ్చాడు. అప్పటికే ఆ రాయి ఫోటో మనూర్ దాకా, నాగల్‌గిద్ద దాకా ఫోన్లలో తిరుగుతోంది. సంగప్పను భీమమ్మ పక్కనే పూడ్చడానికి ఊరివాళ్ళు గుంత తీస్తున్నారు. "పీకుండ్రి దాన్ని" అన్నాడు నగేష్. కూలీలు రాయి మొదట్లో పాల మరకను చూసి గడ్డపారలు కింద పెట్టారు. కూలి పెంచుతానన్నాడు. ఒకడు బీడీ ముట్టించుకున్నాడు. నగేష్ తనే గడ్డపార అందుకుని రాయి దాకా పోయాడు. అతని ఇంట్లో చిన్నపిల్లలున్నారు. గడ్డపారను అక్కడే పారేసి, తిరిగి చూడకుండా వాగు దాటాడు.

దిగంబర్‌రావు ఆ ఊరికి మళ్ళీ రాలేదు. ఏ గుడిలో శాంతి చేయించాడో, ఎన్ని చేయించాడో లెక్కే లేదని, ఆ బెంగతో మనిషి సగమయ్యాడని కారు తోలేవాడు టీ హోటల్లో చెప్పాడు. ఊళ్ళో ఎవరూ అయ్యో అనలేదు. కల్వర్టు ఇప్పుడూ లేదు.

ఇవతలి ఒడ్డున నల్లరాయి మీద సారు మొహానికి దుమ్ము పట్టింది. తుడిచేవాడు లేడు. అవతల షాబాద్ బండ మీద రెండు వానాకాలాలు కురిశాయి. అయినా సున్నం పోలేదు. ఎవరు పెడుతున్నారో ఎవరూ అడగరు. ఎప్పుడు చూసినా అక్షరాలు నిన్ననే నింపినట్టు తెల్లగా ఉంటాయి.