కార్చిచ్చుకో వాక్యం

ఎర్ర పెన్ను మూత పళ్లతో లాగి, ఆవిడ 'కార్చిచ్చు' అన్న మాటకిచ్చిన మూడో ఉదాహరణ కూడా కొట్టేసింది. 'వదంతి కార్చిచ్చులా వ్యాపించింది.' అంతకుముందు కొట్టేసిన రెండూ ఇలాంటివే. ఒకదాంట్లో వార్త, ఇంకోదాంట్లో జబ్బు. నిఘంటువు కార్యాలయంలో ప్రూఫులు దిద్దుతూనే జుట్టు నెరిసిపోయింది గానీ, ఇలాంటి రాతలు చూస్తే ఆవిడకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది.

"ఇందులో అడవేదండీ?" అని సంపాదకుణ్ణి నిలదీసింది.

"అడవి తగలబడటం ఎవరు చూశారమ్మా? జనం వాడేది ఇలాగే కదా," అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి. కావాలంటే మీరే రాయండి ఓ వాక్యం."

ఎవరు చూశారట! చూసినాయన ఆవిడ ఇంట్లోనే ఉన్నాడు. అడవిలో మంటలార్పే జట్టులో పనిచేసి, పొగకు ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇంటిపట్టున పడ్డాడు. ఉద్యోగమున్నన్నాళ్లూ వేసవి వస్తే చాలు, కాలిన కనుబొమ్మలతో, మసి మొహంతో గుమ్మంలో దిగేవాడు. "ఏమైందండీ?" అని ఆవిడ అడిగితే "ఆరిపోయింది" అని స్నానానికి పోయేవాడు. ఆ ఒక్క ముక్కతో కాపురమంతా నెట్టుకొచ్చాడు మహానుభావుడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుచూసిన మనిషికి ఆ మాత్రం చెబితే సరిపోతుందా?

ఆవిడ ఫోను అందుకుంది.

"ఏమండీ, కార్చిచ్చు మీద ఒక్క వాక్యం చెప్పండి. అర్జెంటు."

"ఆ మాట మేమెప్పుడన్నామే? 'వస్తోంది' అనుకునేవాళ్లం, అంతే."

"ఏం వస్తోంది? బస్సా? ఇదేం వాక్యమండీ, నా ఖర్మ!"

అవతల దగ్గు మొదలైంది. అది ఆగేదాకా ఆవిడ పెన్నుతో బల్లమీద కొడుతూ కూర్చుంది.

"ముందు పిట్టలొస్తాయే," అన్నాడు చివరికి. "మంట కనపడకముందే, మా నెత్తిమీదుగా. ఒక్కటీ అరవదు. ఆ రోజు నాకు నువ్వే గుర్తొచ్చావు."

"ఏ రోజు?"

"ఆయాసమొస్తోంది. ఇంటికి రా, అంతా చెబుతాను."

"ఇన్నేళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఇప్పుడా!" అని కసిరి ఫోను పెట్టేసింది.

'కార్చిచ్చు కనపడకముందే పిట్టలు అరవకుండా అడవి దాటిపోయాయి' అని రాసిచ్చింది. "కాస్త పొడుగైంది," అని సణిగి సంపాదకుడు సంతకం పెట్టాడు. మామూలుగా అయితే ఆవిడ ఆ సణుగుడుకు జవాబు చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు. ఇవాళ ఆవిడ మనసు పేజీల మీద లేదు. ఆ రోజు ఏమైందో వినాలి, అంతే. మిగతా ప్రూఫులు ఓ పట్టాన తెమలలేదు, బస్సు ఓ పట్టాన కదల్లేదు, ముందు సీట్లో ఎవడో కిటికీ మూయలేదు. అందరినీ లోలోపలే తిట్టుకుంటూ ఇల్లు చేరింది.

"వచ్చేశానండీ, ఇక చెప్పండి," అంటూ చెప్పులు విప్పింది.

కిటికీ పక్కన ఆయన తల ఓ వైపుకు వాలి ఉంది. రమ్మని చెప్పి నిద్రపోయాడన్న ఉక్రోషంతో భుజం పట్టి కుదిపింది. ఒళ్లోని చెయ్యి చల్లగా కిందికి జారింది.

"ఏమండీ," అంది. "వచ్చానంటున్నాగా, ఏమండీ!"

ఆవిడ కోపంగానే ఏడ్చింది. ఆ అరుపులకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, ఆవిణ్ణి ఎక్కడైనా కూర్చోబెడదామని చుట్టూ చూసింది.

వంటింట్లో ఉండాల్సిన బరువైన చెక్క కుర్చీ ఆయనకెదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా లాగి ఉంది. దాని మీద ఓ దిండు సర్ది ఉంది.