హేమ నంబరు

సాలూరులో ఏ లారీకి ఏ ఊరి లోడు ఉందో ఫోన్లో చెప్పడం హేమ పని. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చునే ఆమెకు డ్రైవర్ల ముఖాలు తెలియవు, గొంతులే తెలుసు. డ్రైవర్లందరి దగ్గరా ఉన్నది ఆమె నంబరే, ఆ నంబరు ఉంటేనే ఉద్యోగం.

ఎవడో దొంగపేరుతో అకౌంటు తెరిచి, ఆమె ఫోటో, నంబరు పెట్టి, కింద రాయకూడని రాతలు రాశాడు. అది గ్రూపుల్లో పాకింది. ఫోనెత్తితే బూతులు. బ్లాక్ చేస్తే ఇంకో అకౌంటు నుంచి వెంటపడ్డాడు.

"ఒసే, ఆ సిమ్ము ఇరిసి పారెయ్. ఉద్యోగం నేకపోతే సచ్చిపోం" అంది తల్లి జగ్గమ్మ.

హేమ మెసేజ్‌లన్నీ చెరిపేసి ఫోను ఆపేసింది. మూడోనాడు, పని మానేస్తున్నానని యజమానికి చెబుదామని ఆన్ చేసిందో లేదో, మోగింది. కూర్మయ్య. ఒడిశా లైనులో తిరిగే ముసలి డ్రైవరు. ఇతనూ చూసేశాడన్నమాట అనుకుంటూనే ఎత్తింది.

"అమ్మాయ్, బొబ్బిలి కాడున్నాను. ఆ పాడుది మా గ్రూపులోకీ వచ్చినాది. మావోళ్లు సెరిపేద్దామన్నారు. నానే వద్దన్నాను."

"ఏటి బాబాయ్, అందరూ సూడాలనా?"

"పోలీసోలు సూడాలని. యాక్సిడెంటయిన బండిని ఆళ్లొచ్చేదాకా జరుపుతామేటి? ఇదీ అంతే."

"నాను సెరిపేసినాను గదా."

"నాకాడున్నాయి. పెట్టినోడి అకౌంటు, లింకు అన్నీ దాసినాను. నువ్వు టేసనుకి పో. లోడు దించేసి వచ్చి సాచ్చికం సెప్తాను."

తల్లిని వెంటబెట్టుకుని వెళ్లింది. ఎస్సై రాజకుమారి మొదట కుర్చీ చూపించింది. హేమ చెబుతూండగానే ఆమె ఫోను మోగింది. రాజకుమారే తీసి, "పోలీస్ స్టేషన్, చెప్పండి" అంది. అవతల టక్కున పెట్టేశారు. ఇన్నాళ్లకు హేమకు నవ్వొచ్చింది.

"ఆడు ఏ ఊరోడో తెలీదండి. కేసు ఇక్కడ రాస్తారా?"

"ఎక్కడివాడైనా రాస్తాం. వద్దన్నా వెంటపడటం నేరమే. పోస్టు తీసెయ్యమనీ, అకౌంటు ఎవరిదో చెప్పమనీ ఆ యాప్ కంపెనీకి నోటీసు పంపుతాం. సిమ్ము మాత్రం మార్చకు."

"దొరికితే నాకొకపాలి సూపించండి మేడమ్" అంది జగ్గమ్మ.

"అప్పుడు నీ మీద కూడా కేసు రాయాల్సొస్తుందమ్మా."

సాయంత్రం కూర్మయ్య వచ్చాడు. గొంతుకు తగ్గ మనిషి కాదు, బక్కపల్చగా ఉన్నాడు. హేమ వైపు చూడకుండా, తన ఫోను ఎస్సై బల్లమీద పెట్టి సాక్షిగా సంతకం చేశాడు.

ఆ వారంలోనే కంపెనీ ఆ పోస్టు తీసేసింది. వాడింకా దొరకలేదు, అకౌంటు వెనకున్న నంబరు మాత్రం పోలీసులకు తెలిసింది. ఆ సంగతి విని జగ్గమ్మ పొయ్యి దగ్గరున్న టిఫిను కేరేజీ తీసి తోమింది.

"రేపు డ్యూటీకి కేరేజీలోకి ఏటి ఒండమంటావు?" అంది.