నల్లగుడ్డ కింద బొంగరం

మూత విప్పగానే మాడువాసన గుప్పుమంది. "తగలడితే తగలడ్డావు, ఇవాళే తగలడాలా!" అని మోటారును తిట్టి, స్క్రూడ్రైవరు జేబులో దోపుకున్నాడు బొంగరం.

సైన్సు మ్యూజియంలో రిపేర్లు చేసే అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. పుల్లల్లాంటి కాళ్లు, గ్రీజు మరకల చొక్కా. కాలు ఒకచోట నిలవదు. ఒక్కపూటైనా కూర్చుని తినమని భార్య నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంది. పొద్దున్నుంచి అతనికి ఎడమ భుజం లాగుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్లే తీరికేదీ?

బల్ల మీద, నడుమ గోలీకాయంత తెల్ల బల్బు. దాని చుట్టూ రాతిపొడి అద్దిన రేకు పళ్లెం, మోటారుతో తిరగాలి. ఆ పొడి కోసం రాళ్లూ పెంకులూ నూరి, ఇంట్లోని పిండి జల్లెడ తెచ్చి జల్లించాడు. జల్లెడ మళ్లీ ఇల్లు చేరలేదు. పోరి పోరి విసిగి, "ఇవాళ నేనే వచ్చి పట్టుకుపోతా" అంది భార్య. ఇన్నేళ్లలో ఆవిడ అతని పనిచోటికి రావడం ఇదే మొదలు. తీరా వచ్చేసరికి పళ్లెం కదలకుండా పడి ఉంటే తన పరువేం కావాలి?

బల్ల కింద దూరాడు. ఇరుసుకు పిడి బిగించి, బల్ల చుట్టూ వేలాడే నల్లగుడ్డ దించుకుని, చేత్తోనే తిప్పసాగాడు.

పైన గైడమ్మాయి చెబుతోంది: "ఇది మండడం అయిపోయి మిగిలిన నక్షత్రమండీ, తెల్ల మరుగుజ్జు అంటారు. మరీ దగ్గరికొచ్చిన గ్రహాల్ని లాగి ముక్కలు చేసేస్తుంది. ఆ పొడే ఇలా చుట్టూ తిరుగుతోంది."

"పొడైపోయినా కుదురు లేదన్నమాట, అచ్చం మా ఆయనలాగే!" అందొక గొంతు. భార్యే! "ఇంతకీ ఏరీ ఆయన?"

"బల్ల కిందున్నారండీ. మోటారు కాలిపోయింది. మీరొస్తున్నారని చేత్తో తిప్పుతున్నారు."

గాజుల చప్పుడు బల్ల దగ్గరికొచ్చింది. తరవాత, "ఎంత బాగా చేశారో!" అంది ఆవిడ మెల్లగా.

బొంగరం పొంగిపోయాడు. ఇంకాస్త జోరుగా తిప్పాడు. నొప్పి భుజంలోంచి ఛాతీలోకి దిగింది. ఇంకొక్క చుట్టు, అంతే, అనుకున్నాడు.

"చాల్లెండి, చూశాను. ఇక ఒక్క నిమిషం కూర్చోండి."

పిడి మీంచి చెయ్యి జారింది. పళ్లెం ఆ ఊపుకి కొంతసేపు తిరిగి, నిలిచిపోయింది.

"అమ్మయ్య, ఇన్నాళ్లకు నా మాట విన్నారు!" అని నవ్వుతూ ఆవిడ గుడ్డ ఎత్తింది.

బల్లకాలికి చేరగిలబడి కూర్చునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. కుదిపితే తల పక్కకు వాలింది. గైడమ్మాయి డాక్టరు కోసం పరుగెత్తింది కానీ, ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

అతని మోకాలి పక్కన జల్లెడ ఉంది. ఆవిడకివ్వడానికని శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాడు. కన్నాల్లో మాత్రం రాతిపొడి ఇంకా కాస్త మిగిలే ఉంది.