దూలంలో చప్పుడు

అశ్విని బడికి బయలుదేరేసరికి వాళ్ల నాయన కదిరప్ప మిద్దె మీద చవుడు పోస్తున్నాడు. వానలకు ముందు ఆ ఊళ్లో ప్రతి ఇంటి మీదా ఆ మన్ను పోస్తారు. పాతది ఎవరూ తియ్యరు. తీస్తే కారుతుందని భయం. తాత కాలం నుంచి పొర మీద పొర పడి, మిద్దె మీది మన్ను అశ్విని మోకాలి ఎత్తు పెరిగింది.

పెనుకొండ బడిలో ఇంగ్లీషు చెప్పే దేవసహాయం సారు ఆ రోజు బోర్డు మీద gnaw అనే మాట రాసి, "నా" అని పలికారు.

"నా అంటే నాదా సార్?" అన్నాడు పవన్ కుమార్.

"నీది కాదబ్బా, ఎలకది. కొరకడం. ఒక్క కాటుతో అయిపోయేది కాదు. కొంచెం కొంచెంగా, ఆపకుండా. మనసును తొలిచే బెంగకూ ఇదే మాట. వెయ్యేళ్ల కిందట దాని ముందున్న 'గ' కూడా పలికేవాళ్లు. గ్న, గ్న. కొరికే చప్పుడే మాటయిందని అంటారు. మీరెవరన్నా ఆ చప్పుడు విన్నారా?"

ఎలక దగ్గర విన్నామన్నారు కొందరు. పందికొక్కు అన్నారు ఇంకొందరు. అశ్విని చెయ్యి ఎత్తలేదు. ఆమె విన్నది ఇంట్లో, తుమ్మ దూలంలో. దాని కింద రాలే పసుప్పచ్చ పొడిని రోజూ తనే ఊడుస్తుంది. ఆ పొద్దున చేటెడు ఊడ్చింది. దూలం కింద అవ్వ మంచం. పైన నాయన.

సారుకు చెప్పి బస్సెక్కింది. ఊరు చేరేసరికి మబ్బు కమ్మింది.

"నాయనా, దిగు! దూలాన్ని పురుగు తినేసినాది."

"ఏమ్మే, బడి ఎగ్గొట్టి దూలం చూసేకి వచ్చినావా? ఇంగ రెండు గంపలుండాయి. పోసి దిగుతా."

లోపల అవ్వ యల్లక్క మంచం మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"అవ్వా, బయటికి రా."

"వానొస్తాంటే యాడికి రమ్మంటావే? ఈ దూలం మీ తాత ఎత్తించినాడు. నాకన్నా గట్టిది."

అశ్విని గూట్లో ఉన్న దబ్బనం తీసుకుని మంచమెక్కింది. గోనెసంచులు కుట్టే ఆ సూదిని దూలానికి ఆనించి నొక్కింది. అది పిడికిలి దాకా దిగింది. చేతి మీద పొడి రాలింది.

అవ్వ ఒలవడం ఆపింది.

పైన గంప కుమ్మరించిన చప్పుడయింది. దూలం ఒకసారి కిర్రుమంది.

అవ్వ ఒళ్లోని కాయలు నేల మీద పోసి, అశ్విని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"కదిరప్పా! గంప ఆడనే పెట్టు. నడిమికి రావద్దు. గోడ మిందనే నడిచి దిగు."

తల్లి గొంతు విని కదిరప్ప ఈసారి ఎగతాళి చెయ్యలేదు. గోడ వెంబడి అడుగు తర్వాత అడుగు వేస్తూ నిచ్చెన దాకా వచ్చాడు. దిగాడు. చినుకులు మొదలయ్యాయి.

ముగ్గురూ ఎదురింటి హనుమక్క ఇంట్లోకి పోయి నిలబడ్డారు. చవుడు నీళ్లు తాగుతోంది. వాన పెరిగింది. ఉన్నట్టుండి వాళ్ల మిద్దె నడుము దిగి, మంచం మీద కూలింది.

కదిరప్ప చాలాసేపు అటే చూశాడు. తర్వాత తల పైకెత్తాడు. ఇదీ మట్టిమిద్దే. ఇదీ తుమ్మ దూలమే.

"హనుమక్కా, దీని కింద పొడి రాలతాదా?"

"దినామూ ఊడుస్తానే ఉండా కదప్పా. ఎందుకు?"