అన్న కిడ్నీ ఇంకా లేవలేదు

“వాడి కిడ్నీ కదా డాక్టర్ గారూ, చెప్పిన వేళకి పనిలోకి దిగుతుందంటారా?”

ఆపరేషన్‌కి ముందు రోజు నేను అడిగిన మాట ఇది. నవ్వించాలని కాదు, భయం పట్టలేక అడిగాను. అయినా గదిలో అందరూ నవ్వారు. డాక్టర్ నవ్వాడు, సిస్టర్ నవ్వింది, మంచం మీదున్న నా కూతురూ నవ్వింది. కిడ్నీ ఇవ్వబోతున్న నా కొడుకు అందరూ ఆపేశాక నవ్వాడు. దేనికైనా ఆలస్యంగా రావడం వాడికి అలవాటే.

వాడు దర్జీ. కొట్టు బోర్డు మీద వాడి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ వీధిలో అందరూ ‘రేపటి మాస్టారు’ అనే పిలుస్తారు. ఎవరు ఏ గుడ్డ కోసం వచ్చినా “రేపు రండి” అంటాడు. ఒకాయన పెళ్ళికని ఇచ్చిన సూటు, ఆయన కొడుకు మొదటి పుట్టినరోజుకి చేతికొచ్చింది. అప్పటికి ఆయనకి పొట్ట పెరిగి గుండీలు పట్టలేదు. ఆ నిందా వీడి మీదే పడింది.

అటువంటివాడు, చెల్లెలికి కిడ్నీ కావాలని తెలిసిన నిమిషంలో “నాది తీసుకోండి” అన్నాడు. రేపు అనలేదు. అంతకుముందు నాది ఇస్తానంటే నా షుగరు చూసి పక్కన కూర్చోమన్నారు. అల్లుడి రక్తం కలవలేదు. అది ఆయన తప్పేం కాదు గానీ, ఆ సంగతి చెప్పేటప్పుడు ముఖం అంత వెలిగిపోనక్కర్లేదు. నా కూతురు రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ మంచమెక్కుతూ, మిగతా రోజుల్లో బడిలో పిల్లలకి పాఠాలు చెబుతూ, గ్లాసుడు నీళ్ళు తాగడానికి కూడా లెక్క చూసుకుంటూ బతికింది. ఆ పిల్ల బతుకంతా ఇప్పుడు వాళ్ళన్నయ్య కిడ్నీ మీద ఉంది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కిడ్నీకి రక్తం బాగా అందుతోందన్నారు. అన్నీ చెప్పాక డాక్టర్ గొంతు సవరించుకున్నాడు. నేను కుర్చీ పట్టుకున్నాను.

“కొన్ని కిడ్నీలు కొత్త ఒంట్లో పెట్టగానే పని మొదలుపెట్టవమ్మా. కొన్నాళ్ళు నిద్రపోతాయి. నాలుగు రోజులు కావచ్చు, రెండు వారాలు కావచ్చు. అందాకా డయాలిసిస్ చేస్తూ ఉంటాం. ఇందులో కిడ్నీ ఇచ్చినాయన తప్పేమీ ఉండదు.”

ఆ చివరి మాట తప్ప మిగతాదంతా మా బంధువర్గానికి చేరింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే డాక్టర్ వచ్చేవాడు, కాగితాలు తిరగేసేవాడు, “రేపు చూద్దాం” అని వెళ్ళిపోయేవాడు. ఆయన గది గోడకి నాలుగు సర్టిఫికెట్లు వేలాడుతున్నాయి గనుక ఆయన్ని ఎవరూ రేపటి డాక్టరనలేదు.

అల్లుడు చుట్టాలందరినీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. నా కూతురికి మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో పొద్దునా సాయంత్రం అందులో పెట్టేవాడు. ‘ఇరవై’ అని ఒకసారి, ‘పదిహేను’ అని ఒకసారి. దాని కింద జనం పరామర్శలు మొదలుపెట్టారు. అలారం పెట్టమని ఒకరు. అది కూడా రేపు రమ్మంటోందేమో కనుక్కోమని ఇంకొకరు. నా సొంత చెల్లెలైతే, పిల్లలకి పిన్నిననే హక్కుతో, ఫోన్ చేసి మరీ అడిగింది: కిడ్నీ లేచిందా, కిడ్నీ ఇచ్చినవాడు లేచాడా, ఇద్దరిలో ముందు ఎవరు లేచారు అని.

నేను వాళ్ళని అనడమెందుకు. నా నోరేం తక్కువ తినలేదు. నాలుగో రోజు వాడిని డిశ్చార్జి చేశారు. పక్కటెముకల కింద చెయ్యి ఆనించుకుని చెల్లెల్ని చూడ్డానికి మెల్లగా నడిచొచ్చాడు. కిటికీ అద్దానికి ఇవతల అందరం ఉన్నాం. ఆ రోజు నా భయానికి తోచిన మాట నేను అనేశాను.

“పుట్టినప్పుడు కూడా వీడు చెప్పిన తేదీకి పన్నెండు రోజులు ఆలస్యం చేశాడు. వీడి వస్తువు మాత్రం వేళకి ఎందుకు లేస్తుంది?”

అల్లుడు పగలబడి నవ్వాడు. నా కొడుకు అద్దం వైపు తిరిగిపోయాడు. కుట్లు లాగుతున్నాయేమో అనుకున్నాను. తల్లిని కదా, అంతకన్నా ఎక్కువ అనుకోవాల్సింది.

ఆరో రోజు నా కూతురికి మూత్రం గొట్టం తీసేశారు. ఇక అక్కణ్ణుంచి ఆ వార్డు పద్ధతి ఇదీ. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి ఇస్తారు. వచ్చిందంతా అందులో పట్టి, కొలిచి, తోడున్న మనిషే చార్టులో రాయాలి. సిస్టర్ పక్కన సంతకం పెడుతుంది. ఈ రోజు ఎంత వచ్చిందో దానికి అరలీటరు కలిపి, రేపు అంత నీళ్ళు తాగనిస్తారు. పన్నెండు గదులకి సిస్టర్ ఒక్కతే. ఆవిడ సంతకానికి వచ్చేది, జగ్గు వైపు చూసే తీరిక ఉండేది కాదు. పాపం, పెన్ను కూడా నడుస్తూనే మూత తీసేది.

గదిలో మాస్కు పెట్టుకుని ఒక్కరే ఉండాలి. కుట్లు మానేదాకా ఎలాగూ మిషను తొక్కలేను, పగలంతా నేనుంటానని నా కొడుకు అన్నాడు. అన్నట్టుగానే రోజూ వేళకి ముందే వచ్చి కూర్చునేవాడు. నాకది చూసి కూడా భయమేసింది. అలవాటు లేని బుద్ధి ఊరికే రాదు. జగ్గు మీద గీతలు నా కళ్ళకి ఆనవు గనుక, రాత్రి నా వంతులో వచ్చింది కూడా పొద్దున వాడే కొలిచి రాసేవాడు.

వాడు కూర్చున్న మొదటి రోజు చార్టులో నూట యాభై పడింది. మర్నాడు నాలుగు వందలు. ఆ మర్నాడు ఏడు వందలు. నాలుగో రోజుకి వెయ్యి.

గ్రూపులో ఇక చూడాలి. అలారం పెట్టమన్నవాళ్ళే మన రక్తమంటే మాటలా అన్నారు. నా చెల్లెలు తనకి మొదట్నుంచీ నమ్మకమే అంది. అల్లుడు ఆ అంకెలకి గ్రాఫు గీసి పెట్టాడు. దాని గీత ఎక్కుతూ ఎక్కుతూ ఫోను అంచు దాకా పోయింది. చార్టు అంత బాగుంది గనుక ఆ వారం చేయాల్సిన డయాలిసిస్ ఒకటి వాయిదా వేశారు.

చెడ్డ వార్తకి నేను ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాను. మంచి వార్త వస్తేనే భయమేస్తుంది. సాయంత్రం నా వంతు రాగానే నా కూతురి చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూశాను. వేలు తీసినా గుంట అలాగే ఉంది. కళ్ళ కింద సంచులు. రెండు మాటలకి ఒకసారి ఊపిరి తీసుకుంటోంది. అల్లుడికి చెబితే, ఒళ్ళు చేస్తోంది అత్తయ్యగారూ, సంతోషించండి అన్నాడు. సిస్టర్‌కి చెబితే చార్టు బ్రహ్మాండంగా ఉందంది.

కొడుక్కి చెప్పాను. వాడి ముఖంలో నెత్తురు లేదు. రెండు రోజులుగా తిండి కూడా సరిగా తినడం లేదు. నాకు జవాబివ్వకుండా చెల్లెలి మంచం దగ్గరికి వెళ్ళి, ఇచ్చిన నీళ్ళన్నీ తాగొద్దు చిన్నీ, సగం వదిలెయ్ అన్నాడు.

“రెండేళ్ళ తర్వాత కడుపునిండా నీళ్ళు తాగుతున్నానన్నయ్యా, దిష్టి పెట్టకు,” అంది అది. “నీ కిడ్నీ నీకంటే బాగా పనిచేస్తోంది.”

వాడు నేల చూస్తూ బయటికి వచ్చేశాడు. చెల్లెల్ని నీళ్ళు తాగొద్దనడానికి వీడికి ఏం తెలుసని ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోయాను.

పదో రోజు పొద్దున డాక్టర్ కాగితాలతో వచ్చి, మా నలుగురినీ గుమ్మం దగ్గర నిలబెట్టాడు. నన్ను, కొడుకుని, అల్లుడిని, సిస్టర్‌ని. నా కూతురు మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది.

రోజుకి వెయ్యి పోతున్న మనిషి నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరగకూడదన్నాడాయన. అనుమానమొచ్చి నిన్నటి జగ్గులోంచి కాస్త తీసి ల్యాబుకి పంపించాడట.

“ఏం వచ్చింది బాబూ?” అన్నాను.

“చాలా బాగా వచ్చిందమ్మా. మంచి ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలా ఉంది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించాను. ఆయన నవ్వలేదు.

“మీ అమ్మాయి రక్తం చూస్తే మాత్రం, ఇంత మంచి మూత్రం ఆమెది అయ్యే వీలు లేదు.”

జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆయన ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాడు. ఈ పిల్లకి తనంతట తాను వచ్చేది రోజురోజుకీ కొంచెమైనా పెరుగుతోందంటే కిడ్నీ నిద్ర లేస్తున్నట్టు, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు. పెరగకుండా ఉన్నచోటే ఆగిపోయిందంటే ఒళ్ళు ఆ కిడ్నీని తిప్పికొడుతోందేమో చూడాలి, ఇవాళే కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి, పెద్ద మందులు మొదలెట్టాలి. ఆ మందులు తేలికైనవి కావు. చార్టు చూసి తేల్చుకుందామంటే చార్టు అబద్ధమాడుతోంది.

“జగ్గులో ఇంకెవరిదైనా కలిసిందా?”

సంతకాలు తనవే గానీ అంకెలు తనవి కావని సిస్టర్ గొణిగింది. అల్లుడు పది రోజుల్లో మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు. నా కొడుకు గోడకి ఆనుకుని, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, తన చెప్పుల వైపు చూస్తున్నాడు. జగ్గు పట్టుకుని బాత్రూము తలుపు వేసుకునేది వాడొక్కడే. అందరికీ అర్థమైంది. పేరు పెట్టి అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

“అన్నయ్యా,” అంది నా కూతురు మంచం మీంచి. అంతే అంది. ఆ మాటకే దానికి ఆయాసం వచ్చింది.

“నేను కోప్పడడానికి అడగడం లేదు,” అన్నాడు డాక్టర్. “ఆమెది ఎంతో తెలియాలి. అదొక్కటి చాలు.”

పక్కగదిలో డయాలిసిస్ మిషను కూతపెట్టి ఆగింది. వాడి మెడ మీద చెమట కాలరులోకి దిగుతోంది. సిస్టర్ వెళ్ళాల్సిన గదులు పదకొండు ఉన్నాయి, అయినా కదల్లేదు.

నేను వాడి దగ్గరికి వెళ్ళాను. వాడి చెయ్యి పట్టుకుందామనుకుని, కుట్లకి తగులుతుందేమోనని భయపడి, చొక్కా అంచు పట్టుకున్నాను.

“ఆ రోజు అద్దం దగ్గర నేనన్నది తప్పు మాట నాన్నా,” అన్నాను. “చెప్పు. ఇక్కడెవరూ నవ్వరు.”

డాక్టర్ చార్టు మూసి, ఆ ముక్క తీసే గది వైపు ఒక అడుగు వేశాడు.

“మొదటి రోజు చిన్నీది ముప్ఫై,” అన్నాడు నా కొడుకు. “మిగతాది నాది. రెండో రోజు దానిది డెబ్భై. మూడో రోజు నూట అరవై. నిన్న మూడు వందల పది. ప్రతిసారీ ముందు దానిది కొలిచాకే నాది పోశాను డాక్టర్ గారూ.”