ఉరుముకు నిలిచే మోడెమ్

ఉరిమితే చాలు, ప్రేమావతి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తుంది. ఆ మధ్యాహ్నం టీవీతో పాటు, కూతురు ఏంజెలిన్ ఆఫీసు నుంచి తెచ్చిన మోడెమ్‌నూ పీకేసింది. వాన వెలిశాక మళ్లీ పెడితే దీపాలు వెలిగాయి గాని ఇంటర్నెట్ రాలేదు.

"కాల్సీసినావేటి? పిల్ల ఉద్యోగం ఊడిపోద్ది, సూడు!" అన్నాడు భర్త క్రీస్తురాజు.

ప్రేమావతి మళ్లీ ప్లగ్గు పీకి పెట్టింది; అయినా రాలేదు. నర్సీపట్నంలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే రమణబాబు దగ్గర పనిచేస్తోంది ఏంజెలిన్. కనెక్షన్ తీసుకునేవాళ్లకు ఏ రకం మోడెమ్ ఇవ్వాలో తేల్చమని రెండు ఇచ్చాడాయన. ఇన్వర్టరుండి కరెంటే పోని ఆఫీసులో దేని సంగతీ తేలదని, పిల్ల వాటిని ఇంటికి తెచ్చింది. ఎంత తెలివి! తన కాపురంలో పొయ్యి కొన్నా మిక్సీ కొన్నా మగవాళ్లే కొన్నారు. "నీకేటి తెలుసు" అనేది అత్తగారు. గిన్నె నిలవని ఆ పొయ్యి మీదే చేతులు కాల్చుకుంటూ వండింది. ఇప్పుడు పిల్ల బతుకు కూడా తన చేతుల్లోనే కాలిపోయిందా, ప్రభువా?

సాయంత్రం సంగతి విని ఏంజెలిన్ నవ్వింది. "కాలిపోలేదమ్మా. కరెంటు తీస్తే పాస్‌వర్డ్ మర్చిపోతోంది ఇది." రెండో రకం తగిలించి, "ఇదీ పీకి పెట్టు" అంది. పీకి పెడితే క్షణాల్లో ఇంటర్నెట్ వచ్చేసింది.

మర్నాడు, ఏంజెలిన్ ఫోన్లో సంగతి చెబితే, రమణబాబే ఇంటికి వచ్చాడు. "మొదటిదే తీసుకుంటానని డీలరుకి మాటిచ్చేశాను. సరేనని రాసిచ్చెయ్."

"రాయను సార్. ఉరిమిన ప్రతిసారీ కనెక్షన్లు పోతాయి."

'ఒప్పేసుకో తల్లీ' అని వంటింటి గుమ్మంలో గొణుక్కుంటోంది ప్రేమావతి. కానీ పిల్ల చూపు దించలేదు. ఆ నిబ్బరం ఎక్కడిదో, తన కడుపున పుట్టిందేనా అనిపించింది తల్లికి.

"పనిగట్టుకుని ప్లగ్గులెవరు పీకుతారమ్మా?" అన్నాడాయన.

"మేం పీకుతామండీ." ప్రేమావతి ముందుకొచ్చేసింది. "తీగలు కాలి ఇల్లంటుకుంటాదని బయం. మీ ఇంట్లో మీ ఆడోళ్లూ పీకుతారు. మీరు సూసుండరు."

రమణబాబు రెండు మోడెమ్‌లనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత రెండో మోడెమ్ చేతిలోకి తీసుకుని, "ఇదే ఇద్దాం. డీలరుతో నేను మాట్లాడుకుంటాను" అని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంట్లో ఇంకేం చేస్తారమ్మా దీన్ని? తడిగుడ్డతో తుడుస్తారా?"

"ముందు సారుకి టీ ఎట్టవే," అన్నాడు క్రీస్తురాజు.

ప్రేమావతి కూతురి పక్కన కూర్చుంది.

"మీరెట్టండి. పంచదార ఎక్కడుందో ఎతుక్కోండి."