మంచు దారిలో ఆమోసు మాట

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఒక్క కాగితం నిండేసరికి నాకు పూటలు పడతాయి. ఇది మా కోడలు నీలిమ కథ.

భూమికి ఉత్తరపు కొసన మంచు కింద బంగారం ఉంది. అక్కడికి రోడ్డూ లేదు, రేవూ లేదు. చలికాలంలో సముద్రం గడ్డకడితే దాని మీదే లారీలు గనికి యంత్రాలు మోస్తాయి. ఎండ ముదిరితే ఆ దారి కరిగిపోతుంది. ఆ మంచుకు ఎంతో దూరాన, మేముంటున్న చెర్రీవుడ్‌లో ఆఫీసులో కూర్చుని, మంచు మందం చూసి, లారీలను వదలాలో ఆపాలో చెప్పడం నీలిమ పని.

ఆ లారీల డ్రైవర్లలో ఒకడు ఆమోసు, ఆ మంచుదేశం వాడే. "పోతున్నా అనకూడదు, మా ఇళ్ళలో వెళ్ళొస్తా అంటాం" అని నీలిమ వైర్‌లెస్‌లో నేర్పింది. అప్పటినుంచి బయల్దేరినప్పుడల్లా నవ్వుతూ అదే అనేవాడు. "వెళ్ళిరా" అనేది ఆమె. పోయినేడు వసంతంలో ఆమె వేరే ఫోనులో ఉండగా అతను ఆ మాట అని, జవాబు రాకుండానే కదిలాడు. మంచు విరిగి లారీతో సహా మునిగాడు. మనిషి దొరకలేదు.

ఈ ఏడు చివరి లారీలు ఒడ్డున నిలబడ్డాయి. మంచు మందం బొటాబొటిగా ఉంది.

"ఇవి చేరకపోతే గని మళ్ళీ చలికాలం దాకా మూతేనమ్మా," అన్నాడు మేనేజరు కృష్ణమోహన్. "ఒక్క సరే అను, అంతా గ్రాండ్!"

నీలిమ మైకు దగ్గరికి లాక్కుంది. అప్పుడు వినిపించింది, నవ్వుతో కలిసి: "వెళ్ళొస్తా."

"ఎవరన్నారది?"

"ఎవరూ ఏమీ అనలేదు మేడమ్. మీ మాట కోసమే చూస్తున్నాం," అన్నాడు ముందు లారీ డ్రైవరు.

అది ఆమోసు గొంతే. "దారి మూసెయ్యండి," అంది.

వారమైనా మంచు విరగలేదు. "దయ్యానికి జడిసి గని మూయించావు కదమ్మా," అని, ఆమె విన్నది తెలిసిన కృష్ణమోహన్ దెప్పాడు. లారీలు వెనక్కి వెళ్ళిపోయాయి, ఒడ్డు ఖాళీ. అయినా వైర్‌లెస్‌లో మళ్ళీ అదే మాట, అదే నవ్వు. అతను ఏడాదిగా తన జవాబు కోసమే ఆగి ఉన్నాడని ఆమెకు అప్పుడు తోచింది.

వెళ్ళిరా అనబోయి నాలుక కరుచుకుంది. చావు జరిగిన చోట మనం ఆ మాట అనం. మళ్ళీ రమ్మని పిలిచినట్టవుతుంది.

"ఆమోసూ," అంది. "వెళ్ళు, నాయనా."

వైర్‌లెస్ మూగబోయింది. ఆనాటినుంచి ఆఫీసుకు బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తానత్తయ్యా" అని, నేను జవాబు చెప్పేదాకా నీలిమ గడప దాటదు.

— లక్ష్మీకాంతం, డెబ్బై ఒక్క ఏళ్ళు, ఇప్పుడు ఉంటున్నది చెర్రీవుడ్‌లో